గోతిలో గంట

ఆ వేసవిలో మా పెరట్లో గంటని మూడుసార్లు పూడ్చిపెట్టాం. మొదటి రెండుసార్లూ అది చచ్చే బయటికి వచ్చింది.

గంటలు పోయడం మా ఇంటి పని. రాగి, తగరం కలిపి కరిగిస్తే కంచు అవుతుంది. ఆ కంచుని మట్టి అచ్చులోకి పోస్తే గంట అవుతుంది. చెప్పడానికి ఇంతే. అచ్చుని ముందే గోతిలో నిలబెట్టి, చుట్టూ మట్టి కూరి, పైన కంచు పోవడానికి ఒక కన్నం మాత్రం వదులుతాం. కంచు లోపలికి వెళ్ళాక ఆ కన్నాన్నీ కప్పేస్తాం. ఇక చల్లారేదాకా గోతిని ఎవరూ ముట్టుకోకూడదు. ఇన్ని రోజులని లెక్కేం లేదు. మోకాళ్ళ మీద వంగి, గొయ్యి మీది మట్టికి చెంప ఆనించి చూస్తాం. మట్టి చెంప కంటే చల్లగా తగిలిన రోజున తవ్వుతాం. అరచెయ్యి అబద్ధం చెబుతుంది, చెంప చెప్పదు అనేవాడు నాన్న. కొలిమి పనివాళ్ళ అరచేతులు కాయలు కాసి ఉంటాయి కాబట్టి అది నిజమే.

అలా చెంప పెట్టినప్పుడు లోపలి నుంచి చప్పుళ్ళు వస్తాయి. టిక్ అని ఒకటి, చాలాసేపటికి ఇంకోటి. కంచు చల్లారుతూ ముడుచుకునే చప్పుడది. చిన్నప్పుడు లోపల ఎవరో గోళ్ళతో గీకుతున్నారని అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక కారణం తెలిసింది గానీ ఆ అనుకోవడం మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ ఏడు ఎండలు ముదరక ముందే నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. కుడికాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు, మాట మాత్రం బాగానే ఉంది. అప్పటికే రేవు పెద్దగారికి మాట ఇచ్చేశాం. రేవు బయట రాళ్ళ గట్టు మీద మంచుగంట ఒకటి ఉంటుంది. సముద్రం మీద పొగమంచు దిగితే దీపం కనపడదు, ఆ గంట విని పడవలు రాళ్ళని తప్పించుకుంటాయి. పాత గంట అరిగిపోయింది. వేసవి పోయి మంచు దిగేలోపు కొత్తది వేలాడాలి.

"మరి పోత ఎవరు పోస్తారు?" అని అడిగింది నానమ్మ. అడిగి, నా వైపు చూసింది.

నేను ఆ ఇంటికి ఒక్కగానొక్క మగపిల్లాణ్ణి. నాకు నిప్పంటే భయం. అచ్చులు చేసే మట్టిపని నాది, అందులో నాకు వంక పెట్టేవాళ్ళు లేరు. కొలిమి మూత తీస్తే మాత్రం నేను వీధిలో ఉంటాను. అక్క నన్ను మట్టిబుర్ర అని పిలిచేది. ఊళ్ళోవాళ్ళు పిరికివాడన్నారు, ఆ పేరుని నేను హాయిగా ఒప్పేసుకున్నాను. ఒప్పుకోవడంలో ఒక సుఖం ఉంది. ఇక ఎవరూ మనకి పరీక్ష పెట్టరు.

"నేను పోస్తా," అంది అక్క.

నానమ్మ తిట్టలేదు. "ఆడది పోసిన గంట నోరు విప్పదు," అంది, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పినంత మామూలుగా. ఆ మాట మా ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. మొదట ఎవరన్నారో, ఏ గంటని చూసి అన్నారో ఎవరికీ తెలియదు.

"పాత మాటలు పక్కన పెట్టమ్మా," అన్నాడు నాన్న. "నా చెయ్యి పోతే పోయింది. నా కూతురికి రెండు చేతులున్నాయి." ఆ మాటతో అక్క మొహం వెలిగిపోయింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ పని నా మెడకి చుట్టుకోనందుకో, అక్కకి దక్కినందుకో అప్పుడు తేల్చుకోలేకపోయాను.

మొదటి పోత బాగానే జరిగింది. కొలిమి దగ్గర నాన్నతో పాటే ముసలివాడైన మసి మామ తోడున్నాడు. మాకు చుట్టమేం కాదు, పేరుకి మామ. అక్క ఇనపకడ్డీతో కొలిమి బిరడా పొడిచింది. కంచు కాలువలో పారుతుంటే మసి మామ చెక్కతో తెట్టు లోపలికి పోకుండా ఆపాడు. కంచు పారుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ మాట్లాడలేదు. పోత అయ్యాక నాన్న తన మంచం తెప్పించి పెరటి షెడ్డులో, గొయ్యి పక్కనే వేయించుకున్నాడు.

"నీకెందుకమ్మా భయం. కాపలా నేనుంటా," అన్నాడు అక్కతో.

మట్టి చల్లబడ్డాక తవ్వి, కప్పీ వేసి గంటని పైకి లాగి, అచ్చు పగలగొట్టి తుడిచాం. మొదటి దెబ్బ ఇంటిపెద్దదే. నాన్న ఎడమచేత్తో కొయ్యసుత్తి పట్టుకుని కొట్టాడు.

డబ్ అంది. ఖాళీ డబ్బాని కాలితో తన్నితే వచ్చే చప్పుడు. గంట భుజం మీద నుంచి కిందికి వెంట్రుకంత బీట.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఎవరో పోయినట్టు వచ్చి గేటు దగ్గర నిలబడి చిన్నగా మాట్లాడుకున్నారు. పక్కింటి కుట్టుపనామె అక్క భుజం మీద చెయ్యి వేసి, "నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా, పెద్దవాళ్ళు ఊరికే అంటారా," అంది.

"మా ఇంట్లో నిప్పుకేం తక్కువ వదినా," అంది అక్క. "కట్టెలే తక్కువ. వచ్చేటప్పుడు నాలుగు పట్టుకురా."

మర్నాడు తనే సమ్మెట తీసుకుని గంటని ముక్కలు చేసింది. ఆ కంచునే మళ్ళీ కరిగించాలి. ఒక్కో ముక్కనీ వెలుతురులో తిప్పి చూస్తూ పొద్దున్నంతా కూర్చుంది. "ఎందుకు పగిలిందో ఇదే చెబుతుంది. మనం చెప్పించుకోవాలి," అంది. ఆఖరికి ఒక ముక్క నా మొహం ముందు పెట్టింది. ప్రతి అచ్చుకీ భుజం మీద, షెడ్డు లోపలి వైపు వచ్చేలా నేను నా బొటనవేలి గుర్తు ఒకటి వేస్తాను, గంట గోతిలో ఎటు తిరిగి ఉందో తెలియడానికి. బీట సరిగ్గా ఆ గుర్తు మీదుగానే పోయింది. "చూశావా మట్టిబుర్రా, నీ వేలు పడ్డచోటే పగిలింది. అచ్చులో తడి ఆరలేదు." నన్ను దెప్పడానికని ఆ ఒక్క ముక్కనీ కరిగించకుండా కిటికీలో పెట్టుకుంది. తప్పు నా మీదికి వచ్చినందుకు నేను బాధపడలేదు. కారణం దొరికింది కదా అని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

రెండో అచ్చుని రాయిలా అయ్యేదాకా ఆరబెట్టాను. మళ్ళీ పోత, మళ్ళీ గొయ్యి, మళ్ళీ నాన్న మంచం.

అప్పటికి ఎండలు పూర్తిగా ముదిరాయి. మా వీధిలో మిట్టమధ్యాహ్నం ఎలా ఉండేదో చెప్పాలి. గాలి ఆగిపోయేది. తలుపులన్నీ మూసుకునేవి. మనుషుల నీడలు కాళ్ళ కిందికి వెళ్ళిపోయేవి, అసలు మనుషులే ఉండేవాళ్ళు కాదు. అర్ధరాత్రి అయినా ఒక కుక్క మొరుగుతుంది. ఆ వేళ అదీ లేదు. అలాంటి ఒక మధ్యాహ్నం కుండలో నీళ్ళు తాగుదామని లేచాను. పెరట్లోంచి గీకుతున్న చప్పుడు వినిపించింది. మెల్లగా, ఆగి ఆగి, ఓపిగ్గా. నేను గుమ్మం దాటి అడుగు వేసేసరికి ఆగిపోయింది.

షెడ్డులోకి వెళ్ళి చూశాను. నాన్న మంచం మీద వెల్లకిలా నిద్రపోతున్నాడు. గొయ్యి మీద మట్టి ఒకచోట కొత్తగా సర్దినట్టుంది. వేలితో కదిపితే వదులుగా లోపలికి దిగింది.

"కుక్క అయ్యుంటుంది," అంది అక్క, నేను చెబితే. నా మొహం వైపు చూడకుండా అంది.

నేను గొయ్యి చుట్టూ పగిలిన పెంకులు గుచ్చిపెట్టాను. మర్నాడు మధ్యాహ్నం దాటాక చూస్తే పెంకులన్నీ ఊడదీసి, ఒకదాని మీద ఒకటి చక్కగా పేర్చి ఉన్నాయి. కుక్కలు పెంకులు పేర్చవు. మట్టిలో వేళ్ళ గీతలు కనిపించాయి.  నానమ్మ దగ్గరికి పోయి చెప్పాను. ఆవిడకి సగం వినపడదు, వినపడ్డ సగానికే జవాబిస్తుంది.

"లోపలిది బయటికి రావాలని చూస్తోందిరా," అంది.

ఆ సాయంత్రం నాన్నకి టీ ఇస్తుంటే ఎడమచేతి వేళ్ళ కొసలు బొబ్బలెక్కి కనిపించాయి. ఏమైంది నాన్నా అంటే ఆయన కూడా వాటిని అప్పుడే చూసినట్టు చూసుకున్నాడు. "టీ గ్లాసు కాలి ఉంటుంది," అన్నాడు. అలవాటు లేని చెయ్యి కదా అనుకున్నాను.

రెండో గంట కూడా డబ్ అంది.

ఈసారి అక్క సమ్మెట తేలేదు, ముక్కలు చూడలేదు. గంటని షెడ్డు మూలకి జరిపించి పైన టార్పాలిన్ కప్పేసింది. కారణం వెతికి, సరిదిద్దాక కూడా పగిలితే ఇక కారణం ఎక్కడుంటుంది? అక్క నోటితో చెప్పలేదు గానీ ఆ రోజు నుంచి తన చేతుల్ని తను అదోలా చూసుకునేది.

తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుబులుగా ఉంటుంది. అక్క ఇంట్లో కనిపించిన ప్రతిదాన్నీ వేలితో కొట్టి వినేది. గ్లాసు, గిన్నె, తలుపు గొళ్ళెం, నీళ్ళ బకెట్. కొట్టి, తల అడ్డంగా ఊపేది. "ఇది కూడా," అనేది. మొదట నవ్వాను. తర్వాత ఒకరోజు నా పళ్ళెంలో చెంచా పడితే అది కూడా డబ్ అన్నట్టు నాకు వినిపించింది. ఇంటి నిండా చప్పుళ్ళకి ప్రాణం పోయినట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం వంటింట్లో నానమ్మ మాట వినిపించింది. "ఆడది పోసిన గంట నోరు విప్పదు." అదే గొంతు, అదే సాగదీత. లోపలికి వెళ్ళి చూస్తే నానమ్మ లేదు. అక్క ఒక్కతే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కళ్ళు మూసుకుని.

రేవు పెద్దగారు వచ్చారు. ఆయన మంచివాడు, అదే కష్టమైంది. గొంతు తగ్గించి, "ఇంకొక్కసారి చూడండమ్మా. కాకపోతే సైరన్ తెప్పించుకుంటాం. ఇందులో మీ తప్పేం లేదు, అందరికీ అన్ని పనులూ రావు కదా," అన్నారు.

"నిజమేనండీ," అంది అక్క.

కుట్టుపనామెకి కట్టెలు తెమ్మన్న మనిషి, నిజమేనండీ అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆయన వెళ్ళాక అక్క మాతో చెప్పింది. "మూడోది కూడా పలక్కపోతే కొలిమి ఆర్పేస్తాను. మళ్ళీ వెలిగించను. నన్ను ఎవరూ అడగొద్దు." చిన్నప్పుడు బొమ్మలకి బదులు కంచుముక్కలతో ఆడుకున్న మనిషి అది. కొలిమి లేని అక్కని నేను ఊహించుకోలేకపోయాను. నాన్న మాత్రం, "అంత మాటెందుకమ్మా, నీ మీద నాకు నమ్మకం ఉంది," అన్నాడు. పక్కనే ఆయన ఎడమచెయ్యి దుప్పటిని పట్టి గీకుతోంది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

మసి మామ కూడా పనిమానేస్తానని చెప్పి పోయాడు. "నాకు నలుగురూ ఆడపిల్లలే, నాకేం పట్టింపు లేదమ్మా. కానీ కంచుకి జ్ఞాపకం ఉంటుంది. రెండుసార్లు చచ్చిన కంచు మూడోసారి ఎందుకు బతుకుతుంది చెప్పు?" అన్నాడు. వెళ్తూ వెళ్తూ తన చెక్క కూడా పట్టుకుపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని అంటారు. మా ఇంట్లో గంటకే దిక్కు లేకుండా పోయింది. కోపంతోనే షెడ్డులోకి పోయి టార్పాలిన్ లాగేశాను. ఎలాగూ కరిగించాలి, నేనే పగలగొడదామనుకున్నాను. సమ్మెట ఎత్తబోతూ ఆగాను. భుజం మీద నా బొటనవేలి గుర్తు ఉంది. బీట దాని మీదుగానే పోయింది.

కిటికీలోని ముక్క తెచ్చి పక్కన పెట్టి చూశాను. అదే చోటు. ఇంత ఆరబెట్టిన అచ్చు కూడా అక్కడే ఎందుకు పగలాలి? అక్కని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మొదట ఆ గంటని చూడనంది. తర్వాత చూసింది. ఎన్నో రోజుల తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని బీట మీద వేలు పెట్టి పై నుంచి కిందికి నడిపింది.

"పై నుంచి మొదలైంది," అంది. "వేడి మీద ఉండగా ఇటువైపు గాలి తగిలింది. ఎవరో తవ్వి చూశారు."

"చెప్పాను కదా. పెంకులు, గీతలు."

"ఏ చేతి గీతలు?"

నేను మట్టిపనివాణ్ణి. మట్టిలో చెయ్యి పడితే అది ఏ చెయ్యో, ఎటునుంచి పడిందో నాకు తెలుస్తుంది. తెలియాల్సిన రోజున భయంలో పడి చూసుకోలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ గుంట మళ్ళీ కనిపించింది, బొటనవేలు ఎటుందో కూడా.

"ఎడమచేతివి," అన్నాను. "అన్నీ ఎడమచేతివే."

షెడ్డు అవతలి కొసన నాన్న మంచం మీద పడుకుని, ఎండని చూస్తున్నాడు. మేమిద్దరం అటు చూడలేదు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. "అందరి ముందూ నా కూతురు, నా కూతురు అన్నది ఈయనే. నానమ్మ అనేదేదో మొహాన అనేసి హాయిగా నిద్రపోయింది. ఇప్పుడే అడిగేస్తా," అన్నాను.

అక్క నా చొక్కా పట్టుకుంది. "అడిగితే ఏమంటాడు? నమ్మకం ఉందంటాడు. అది అబద్ధం కాదురా. ఆ చేతికే లేదు."

"అయితే ఊరుకుంటావా?"

అక్క నా చొక్కా వదిలేసింది. తర్వాత చాలా మెల్లగా చెప్పింది. "రెండోసారి నేను కూడా తవ్వి చూద్దామని వెళ్ళాను. అందరూ పడుకున్నాక. మట్టి మీద చెయ్యి పెడితే అప్పటికే అక్కడ గుంట ఉంది. నేనే తవ్వి మర్చిపోయాననుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను. నాకు తెలియకుండా నా చేతులే చంపేస్తున్నాయని."

 అక్క లేచి సమ్మెట అందుకుంది. రెండో గంటని ముక్కలు చేస్తుంటే ఒక్కో దెబ్బకీ కంచు ఖంగుమంది. చాలా రోజుల తర్వాత ఆ చప్పుడు మామూలుగా వినిపించింది.

మూడో పోతకి తెట్టు ఆపేవాళ్ళు లేరు. అక్క నన్ను అడగలేదు. కొత్త చెక్క ఒకటి చెక్కి గోడకి ఆనించి ఊరుకుంది. నేను దాన్ని రెండురోజులు చూశాను. పోత రోజున చెక్క పట్టుకుని కాలువ పక్కన నిలబడ్డాను. భయం పోయిందని చెప్పను. బిరడా పొడిచినప్పుడు ఎర్రటి వెలుగు నా కాళ్ళ ముందుకి వచ్చేసరికి కనుబొమల వెంట్రుకలు కమిలిన వాసన వచ్చింది. చెక్క మాత్రం వదల్లేదు. పోత అయ్యాక అక్క, "మట్టిబుర్ర కాస్తా కాల్చిన ఇటుక అయింది," అంది. అంతకంటే మెప్పు నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం నేను పడుకోలేదు. వెనక గదిలో కిటికీ రెక్క సందులోంచి షెడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. గాలి లేదు. ఎండ తెల్లగా నిలబడి ఉంది.

నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఆ కళ్ళు దేన్నీ చూడట్లేదు. కాలు ఈడ్చుకుంటూ గొయ్యి దగ్గరికి వచ్చాడు. ఒంగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎంతో జాగ్రత్తగా మట్టికి చెంప ఆనించాడు. నిద్రపోతున్న పిల్ల ఊపిరి వినే తండ్రి మొహంలా ఉంది ఆ మొహం. ఇంతలో ఎడమచెయ్యి కదిలింది. నాలుగు వేళ్ళతో మట్టి లాగి పక్కన పెట్టింది. మళ్ళీ లాగింది. మొహానికీ ఆ చేతికీ సంబంధం లేదు. ఒకే మనిషివి అని నమ్మడం కష్టంగా ఉంది. నేను కిటికీ రెక్క పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

అక్క వచ్చింది. అరవలేదు, చెయ్యి లాగలేదు. ఆయనకి ఎదురుగా తనూ మోకాళ్ళ మీద వంగి మట్టికి చెంప పెట్టింది. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా, మధ్యలో జానెడు మట్టి. ఆ చెయ్యి తవ్వుతూనే ఉంది.

"ఏం వినిపిస్తోంది నాన్నా?"

 జవాబుగా వచ్చిన గొంతు చిన్నపిల్లాడిది. "పగులుతోంది."

"ఇంకా పగల్లేదు," అంది అక్క. "వెచ్చగా ఉంది. పడుకోనిద్దాం."

తన చెయ్యి చాచి ఆ చేతిని మట్టిలోంచి తీసుకుంది. గుంట మణికట్టు లోతు కూడా లేదు. రెండో చేత్తో మట్టి కప్పింది. నాన్నని నడిపించుకుంటూ తీసుకెళ్ళి పడుకోబెట్టి, మంచం పక్కన చాప వేసుకుని పడుకుంది. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

గంట గోతిలో ఉన్నన్ని రోజులూ అంతే. మధ్యాహ్నమయ్యేసరికి అక్క చాప తెచ్చుకునేది. "వేడికి ఇక్కడే చల్లగా ఉంది నాన్నా," అనేది. ఆయన తన ఎడమచెయ్యి తనే చాచి ఇచ్చేవాడు. ఎందుకని అడగలేదు. ఆయనకి ఎంత తెలుసో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఒక పొద్దున అక్క, "ఈసారి చెంప నువ్వు పెట్టు నాన్నా," అంది. ఆయన మట్టి మీద చెంప పెట్టి చాలాసేపు ఉన్నాడు. "చల్లగా ఉంది," అన్నాడు. తవ్వాం.

గేటు దగ్గర జనం చేరారు. కుట్టుపనామె ఉంది, మసి మామ కూడా చెక్క చంకలో పెట్టుకుని వెనగ్గా నిలబడ్డాడు. కప్పీ మీద గంట పైకి వచ్చింది. అచ్చు మట్టి రాల్చి తుడిచాను. భుజం మీద నా బొటనవేలి గుర్తు నున్నగా ఉంది. నాన్న చేతికి కొయ్యసుత్తి ఇచ్చాం. ఆయన కొట్టాడు.

గంట పలికింది. షెడ్డు రేకుల మీదికి పాకి, గేటు చువ్వల్లోకి, నా పళ్ళలోకి వచ్చింది ఆ మోత. కుట్టుపనామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నానమ్మ సైతం తల తిప్పి చూసింది. గంట ఇంకా మోగుతూనే ఉంది. ఆ మోత మీదుగానే నాన్న సుత్తి దించి, "ఇది కూడా పోయింది," అన్నాడు.

 ఆయన మొహం చూస్తే మాకు అర్థమైంది. ఆయనకి నిజంగా డబ్ అనే వినిపించింది. 

అక్క మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. ఆ పాత చూపు, ఇది కూడా అనే చూపు, వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయింది. అక్క సుత్తి తను తీసుకుని గంటని ఇంకోసారి కొట్టి, "చెంప పెట్టు నాన్నా," అంది.

ఆయన వంగి గంటకి చెంప ఆనించాడు. మోత గాలిలో తగ్గిపోయింది, మాకు వినపడ్డం మానేసింది. ఆయన మాత్రం అలాగే ఉన్నాడు. గడ్డం వణుకుతోంది, అది ఆయన వణుకో గంటదో చెప్పలేను.

"ఆగట్లేదు," అన్నాడు చివరికి. కళ్ళ నీళ్ళు కంచు మీదికి జారాయి. "ఇది ఆగట్లేదమ్మా."

మంచు దిగేలోపు గంట గట్టు మీదికి చేరింది. మొదటి పొగమంచు రోజున ఇంట్లో కూర్చుంటే ఎదుటి గోడ కూడా తెల్లగా కనిపించింది. ఆ తెల్లదనంలోంచి మోత వచ్చింది. నానమ్మ, "ఎవరో పిలుస్తున్నారు, చూడరా," అంది.

"ఆడది పోసిన గంట నోరు విప్పదన్నావ్ కదా నానమ్మా."

"నేనెప్పుడన్నానురా? విప్పితే ఇక మూయదన్నాను."

నాన్న మా మొహాలు చూశాడు. మంచు రోజుల్లో ఆయన ఎప్పుడూ అంతే, మా మొహాలు చూసేవాడు. "మోగిందా?" అని అడిగేవాడు. "మోగింది నాన్నా," అనేది అక్క, ఎన్నిసార్లు అడిగినా అంతే ఓపిగ్గా.

ఆ తర్వాత అక్క చాలా గంటలు పోసింది. కొన్ని పగిలాయి కూడా. పగిలిన ప్రతిదాన్నీ ముక్కలు చేసి ఒళ్ళో పెట్టుకుని చూసేది. నాన్న పోయేదాకా, గోతిలో గంట ఉన్నన్ని మధ్యాహ్నాలూ ఆయన ఎడమచెయ్యి తవ్వుతూనే ఉంది. మంచం మీద దుప్పటి ఆ వైపున నేత కనపడేంత పలచబడింది. అక్క పక్కన చాప వేసుకుని ఆ చేతిని తన చేతిలోకి తీసుకునేది. మొదట్లో నేను కిటికీ సందులోంచి కాపలా కాసేవాణ్ణి. ఆ నాలుగు వేళ్ళూ అక్క అరచేతిని ఆగి ఆగి, ఓపిగ్గా గీకుతుండేవి. అక్క హాయిగా గురక పెట్టి నిద్రపోయేది.